తాగుబోతు అనిపించుకున్న ఏడాది

మే నెలలో మిర్చి యార్డుకి స్వెట్టర్ వేసుకొచ్చినవాణ్ణి ఆ ఏడాది నేనొక్కణ్ణే. రేకుల షెడ్డు కింద ముఠా కూలీలు చొక్కాలు విప్పేసి గోతాలు మోస్తుంటే, నేను చేతులు చంకల్లో దోపుకుని ఒక పక్కగా నిలబడేవాణ్ణి. నాకు నిజంగానే చలేసేది. వేళ్ళ చివరలు, ముక్కు కొన, మోకాళ్ళ నుంచి పాదాల దాకా చల్లబడి ఉండేవి. వడగాలి కొడుతుంటే హాయిగా ఉందనిపించేది. ఆ మాట పైకి అంటే నవ్వుతారని అనేవాణ్ణి కాదు. స్వెట్టర్ చూసి ఎలాగూ నవ్వేవారు.

అప్పటికి చాలా ఏళ్ళుగా గుంటూరులో ఒక కమీషన్ కొట్టులో పనిచేస్తున్నాను. రైతు తెచ్చిన మిరపకాయలు చూసి సరుకు ఎలాంటిదో చెప్పడం నా పని. గోతంలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. మోగకపోతే సరుకులో ఇంకా తడి ఉన్నట్టు. పైన ఎర్రకాయ పరిచి అడుగున రంగు పోయిన తాలుకాయ పోసేవాళ్ళూ ఉంటారు. చూడగానే పట్టేసేవాణ్ణి. మాది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లె. రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ, నేను, ఆరో తరగతి చదివే మా అమ్మాయి.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం అద్దంకి వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన తన సరుకు చూడమని నిలబడి ఉన్నాడు. నేను గోతం మూతి విప్పుతూ విప్పుతూ దాని మీదే తల వాల్చి నిద్రపోయాను. మిరపకాయల గోతం మీద మొహం పెట్టి నిద్రపోవడం మామూలు మనిషి వల్ల కాదు. ఘాటుకి దగ్గు రావాలి, కళ్ళు మండాలి. నాకవేమీ తెలియలేదు. షావుకారు గారు వచ్చి భుజం పట్టి కుదిపితే లేచాను.

"ఏమయ్యా, పగలే మొదలెట్టావా?" అన్నారాయన.

"లేదండీ, కొంచెం..." అన్నాను. అప్పటికే నా గొంతు బొంగురుపోయి ఉంది. మాట ముద్దముద్దగా వచ్చేది. కళ్ళ కింద తిత్తులు, ఉబ్బిన మొహం.

ఆ రైతు నన్ను ఎగాదిగా చూశాడు. "తాగొచ్చినోడి చేతిలో నా సరుకు పెట్టమాకండి షావుకారు గారూ. ఏడాది కష్టం అది" అన్నాడు.

జన్మలో చుక్క ముట్టనివాణ్ణి. ఆ మాట అక్కడే అనొచ్చు. అనలేదు. తల దించుకున్నాను. తల దించుకోవడం అంటే ఒప్పుకోవడమేనని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

ఎందుకు ఒప్పుకున్నానంటే, కాదంటే తర్వాత వచ్చే ప్రశ్న మరి నీకేమైందని. దానికి నా దగ్గర ఒక జవాబు ఉంది. దాన్ని చెప్పడం కన్నా తాగుబోతు అనిపించుకోవడం నయమనిపించింది.

నాకు మొలలు. ఏడెనిమిదేళ్ళుగా ఉన్నాయి. మొదట్లో ఎప్పుడో ఒకసారి రక్తం కనిపించేది. తర్వాత తర్వాత దొడ్డికి వెళ్ళినప్పుడల్లా పడేది. కొన్ని రోజులు ధారగా పడేది. నేను కాఫీరంగు ప్యాంట్లు తప్ప వేసుకోవడం మానేశాను. నాకా రంగంటే ఇష్టమని మా ఆవిడ అనుకునేది, బజారుకెళ్తే ఆ గుడ్డే ఏరి తెచ్చేది. లోపలి బట్టలు నేనే ఉతుక్కునేవాణ్ణి. బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడి వెళ్ళేవాణ్ణి. ఒకసారి తెగించి గుంటూరు బస్టాండు వెనక మొలలకి కోత లేకుండా వైద్యం అని బోర్డు పెట్టినాయన దగ్గరికి వెళ్ళాను. మెట్ల మీద మా వీధి మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయనా నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు, నేనూ తిప్పుకున్నాను. ఇద్దరం అటూ ఇటూ వెళ్ళిపోయాం. ఆయన మళ్ళీ వెళ్ళాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వెళ్ళలేదు.

ఇంత సిగ్గు ఎందుకంటే, యార్డులో కాటా దగ్గర పనిచేసే పెద్దాయనకి మొలల ఆపరేషనే జరిగింది. ఆయన పనిలోకి తిరిగొచ్చాక కూర్చోబోతే చాలు, ఎవడో ఒకడు "ఆగు బాబాయ్, దిండు తెస్తా" అని అరిచేవాడు. ఏళ్ళు గడిచినా అది ఆగలేదు. ఆయన పేరే దిండు బాబాయ్ అయిపోయింది. రైతులు కూడా అలాగే పిలిచేవారు. ఆ నవ్వులు మొదలైన రోజుల్లో నేనూ నవ్వాను, అప్పటికే నాకు రక్తం పడుతున్నా సరే. తాగినవాడి సంగతి అలా కాదు. రెండు రోజులు తిడతారు, మూడో రోజు భుజం మీద చెయ్యేసి ఎక్కడ తాగావురా అని అడుగుతారు. తాగుడు మగాడి తప్పు కింద లెక్క. ఇది లెక్కలోకే రాని తప్పు.

ఆ రోజు నుంచి యార్డులో నేను తాగుబోతునే. ఆ మాట మా ఊళ్ళో బస్సు దిగడానికి ఎన్నో రోజులు పట్టలేదు. మా ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు కాస్త దగ్గరగా వంగి ఊపిరి పీల్చేది. అది వాసన చూడటమని నాకు అర్థమయ్యేది. వాసన ఉండదు కదా, అంతటితో వదిలేస్తుందిలే అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం చిలకలూరిపేటలో బస్సు దిగుతూ పడిపోయాను. మెట్టు మీద కాలు పెట్టినట్టే ఉంది, తర్వాత బురదలో ఉన్నాను. జనం చుట్టూ మూగారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. "తాగి పడ్డాడు, పక్కకి లాగండి, టైరు కింద పడతాడు" అని ఎవరో అనడం వినిపించింది. మా ఊరి ఆటో అతను గుర్తుపట్టి ఇంటికి చేర్చాడు.

మా ఆవిడ నా అరచేతులు రెండూ దీపం కిందకి లాక్కుని చూసింది. సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. ఆవిడ మొహం నాకంటే తెల్లబడింది. తెల్లారేదాకా నా మంచం పక్కనే కూర్చుంది. పొద్దున్నే, "లేవండి, గుంటూరు వెళ్తున్నాం" అంది. ఎందుకంత భయపడుతోందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

గుంటూరులో మేం వెళ్ళిన డాక్టరమ్మ గారు అరవై దాటిన మనిషి. ఎక్కువ మాట్లాడరు. కింది కనురెప్ప లాగి చూశారు. గోళ్ళు చూశారు, అవి చెంచాల్లా గుంటలు పడి ఉన్నాయి. మంచం మీద మోకాళ్ళ మీద నిలబెట్టి మడమ వెనక చిన్న సుత్తితో కొట్టారు. పాదం ఎగిరి, మళ్ళీ కిందకి రావడానికి తీరుబడిగా వచ్చింది. ఆవిడ ఇంకోసారి కొట్టి చూసి తనలో తానే తలూపారు. "చలేస్తుందా?" అని అడిగారు. నన్ను నవ్వకుండా ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. రక్తపరీక్షలు రాశారు.

ల్యాబులో బెంచీ నిండా ఆడవాళ్ళే. కౌంటర్లో ఉన్న అమ్మాయి చీటీ చూసి మా ఆవిడతో, "రండమ్మా, లోపలికి రండి" అంది.

"నాక్కాదమ్మా, ఆయనకి" అంది మా ఆవిడ.

"థైరాయిడ్ కదండీ?" అని ఆ అమ్మాయి చీటీ మళ్ళీ చూసి, నన్ను చూసి, "ఓ, సార్‌కా" అంది. బెంచీ మీద ఇద్దరు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. థైరాయిడ్ ఆడవాళ్ళ జబ్బని నేనూ అంతదాకా అలాగే అనుకున్నాను. ఒక మొగవాడికి రాకూడని చోటల్లా నాకే జబ్బు వస్తోందనిపించింది.

ఒక పరీక్ష హైదరాబాదు పంపించాలట. అందుకని రిపోర్టు రావడానికి వారం పట్టింది. యార్డు నుంచి వస్తూ నేనొక్కణ్ణే వెళ్ళి తీసుకున్నాను. బస్సులో వెనక నిలబడి కవరు విప్పాను. ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. హిమోగ్లోబిన్ ఆరున్నరకి లోపే, పక్కన ఎల్ అని ఉంది. ఫెరిటిన్ అనే దాని ఎదురుగా నాలుగు, మళ్ళీ ఎల్. టీ ఫోర్, దానికీ ఎల్. ఆఖరున టీఎస్‌హెచ్. ఉండాల్సింది ఐదు లోపని బ్రాకెట్లో వేసి ఉంది. నాకు వంద దాటింది. పక్కన హెచ్, దాని పక్కన నల్లటి చుక్క.

ఎల్ అంటే తక్కువ, హెచ్ అంటే ఎక్కువ, అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతే నేను నాకు కావాల్సిన కథ అల్లుకున్నాను. థైరాయిడ్ వందకి పైన ఉందంటే అది మితిమీరి పనిచేస్తోంది, ఒంట్లో రక్తాన్నంతా అదే తినేస్తోంది, అందుకే రక్తం తగ్గింది అనుకున్నాను. నరసరావుపేట రోడ్డు మలుపు తిరిగేసరికి నాకు గొప్ప ఊరట కలిగింది. రక్తం ఎందుకు లేదో ఈ కాగితమే చెబుతోంది, ఇక రెండో సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. థైరాయిడ్ ఆడవాళ్ళ జబ్బయితే అయింది, మెడ దగ్గర జబ్బు కదా, నలుగురిలో చెప్పుకోవచ్చు. ఒంట్లో రక్తం అడుగంటిందని రాసిన కాగితం చేతిలో పెట్టుకుని సంతోషపడినవాడు లోకంలో ఇంకొకడు ఉంటాడని అనుకోను.

మర్నాడు ఇద్దరం డాక్టరమ్మ గారి ముందు కూర్చున్నాం. ఆవిడ చదువుతుంటే నేనే ముందు నోరు తెరిచాను. "థైరాయిడ్ బాగా ఎక్కువ పనిచేస్తోంది కదండీ. దాన్ని తగ్గిస్తే రక్తం అదే పెరుగుతుందనుకుంటా."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూశారు. "ఎవరు చెప్పారు?"

"నేనే చూశానండీ. వంద ఉంది కదా."

"ఈ వంద థైరాయిడ్‌ది కాదు. తల్లో నుంచి వచ్చేది. మెడలో ఉన్న గ్రంథిని పనిచెయ్యమని పైనుంచి అడుగుతుంది. అది పనిచేస్తుంటే మెల్లగా అడుగుతుంది. పలక్కపోతే గట్టిగా అరుస్తుంది. ఇదిగో, ఈ టీ ఫోర్ తక్కువుంది చూశారా? మీ గ్రంథి పడుకుంది. అందుకని పైనుంచి అరుపు వందకి పోయింది. మీరనుకున్నదానికి సరిగ్గా తిరగేసి చదవాలి."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం అదేం పట్టించుకోలేదు. "చలి, నిద్ర, ఉబ్బు, గొంతు, మలబద్ధకం, ఇవన్నీ దీనివల్లే. మాత్ర వేసుకుంటే తగ్గుతాయి" అన్నారు. తర్వాత వేలు పైకి జరిపి ఫెరిటిన్ దగ్గర ఆపారు. "నన్ను ఆలోచనలో పడేసింది ఇది. ఒంట్లో ఇనుము దాచుకునే చోటు ఉంటుంది. కొరత వచ్చినప్పుడు ఒళ్ళు అందులోంచి తీసుకుంటుంది. మీకు అది ఊడ్చేసినట్టు ఖాళీగా ఉంది. థైరాయిడ్ వల్ల రక్తం కొంత తగ్గొచ్చు గానీ, ఇంతగా ఖాళీ కాదు. ఆడవాళ్ళకైతే నెలనెలా పోతుంది కాబట్టి అర్థం చేసుకుంటాం. మగాడికి ఎక్కడికి పోతుంది? ఎక్కడన్నా రక్తం పోతోందా?"

నేను అడ్డంగా తలూపాను. ఊపేశాక తెలిసింది ఊపానని.

"అయితే కడుపులోనో పేగులోనో ఎక్కడో కారుతుండాలి. గొట్టం వేసి చూడాలి. కంతి లాంటిదేమీ లేదని తేల్చుకోవాలి." ఆవిడ రాయబోతూ, "ఇంకేమన్నా మందులు వాడుతున్నారా? నాటు మందులు? తాగే అలవాటుందా?" అని అడిగారు.

మా ఆవిడ వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"నా మూలంగానేనండీ" అంది. "తాగుడు మాన్పించడానికి పొడి పెడుతున్నా. పెరుగన్నంలో కలిపి. ఆయనకి తెలీదు. అది పెట్టడం మొదలెట్టాకే పడిపోయారు. నేనే చంపుకుంటున్నానండీ ఆయన్ని." బొడ్లోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. మా పక్కింటి పిన్ని గారు ఎవరి దగ్గరో తెప్పించి ఇచ్చిందట. ఆయన దగ్గర తాగిన వాసన రావడం లేదు పిన్నీ అని మా ఆవిడ అంటే, ఇప్పుడొచ్చేవి వాసన రావే పిచ్చిదానా అందట.

డాక్టరమ్మ గారు పొట్లం విప్పి, వాసన చూసి, మడిచి డబ్బాలో పడేశారు. "అందులో ఏముందో నాకు తెలీదు. ఇక పెట్టకు. కానీ ఈ రిపోర్టు రోజుల్లో తయారైంది కాదమ్మా, ఏళ్ళ నుంచి జరుగుతున్నది. నీ పొడి వల్ల కాదు." నా వైపు తిరిగారు. "ఎంత తాగుతారు?"

"తాగనండీ."

"అసలు తాగరా?"

"ఎప్పుడూ తాగలేదండీ."

మా ఆవిడ ఏడుపు ఆపేసింది. "తాగకపోతే తాగుతున్నారని అందరూ ఎందుకనుకుంటున్నారు? మీరెందుకు ఊరుకున్నారు?" అన్నారు డాక్టరమ్మ గారు.

నేను బల్ల అంచు చూస్తూ చెప్పాను. ఒక్క మాటే చెప్పాను. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రావడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. వచ్చినప్పుడు ఆ బొంగురు గొంతులో సరిగ్గా వినపడక, ఆవిడ "ఏంటి?" అని మళ్ళీ అడిగారు. రెండోసారి గట్టిగా చెప్పాల్సొచ్చింది. "మొలలండీ. రోజూ రక్తం పోతుంది."

ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. కాగితం మీద వేలితో ఒక్కొక్కటీ చూపించారు. గ్రంథి పడుకుంది, దాంతో మలబద్ధకం. మలబద్ధకంతో మొలలు ముదిరాయి. రక్తం పోయింది, రక్తంతో ఇనుము పోయింది. ఇనుము లేక ఒళ్ళు మరింత నీరసించింది. "ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి. మీరు ఈ ఒక్కటీ దాచడంతో మాకు దారి తెలియలేదు" అన్నారు. అయినా మొలలున్నాయి కదా అని వాటి మీదకే నెట్టేసి ఊరుకోకూడదని, లోపల చూడటం తప్పదని రాసిచ్చారు.

తిరుగు బస్సులో మా ఆవిడ ముందు ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంది. దారంతా వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చాక బాల్చీలో నీళ్ళు తోడి కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించకుండా అరుగు మీద కూర్చుంది. నేను గడపలో నిలబడ్డాను.

"మీకు జబ్బు చేసినందుకు కాదు" అంది. "నేను పంపు దగ్గరికెళ్తే మాటలాపేసేవాళ్ళు. మీ నాన్న తాగి బస్టాండులో పడ్డాడంటగా అని బళ్ళో అడిగితే పిల్ల రెండు రోజులు బడికెళ్ళలేదు. కడుపునొప్పని మీకు చెప్పాం. తాగుబోతు పెళ్ళాన్నని తలొంచుకుని తిరిగా ఈ వీధిలో. మీకు సిగ్గయితే ఆ సిగ్గంతా తెచ్చి మా నెత్తిన పెట్టారా?"

యార్డులో తల దించుకున్నప్పుడు నేనొక్కణ్ణే దించుకున్నాననుకున్నాను.

తర్వాతి సంగతులు తొందరగా చెబుతాను. గొట్టం పరీక్ష జరిగింది. ఆ బల్ల మీద పక్కకి తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నప్పుడు, నర్సులు తమలో తాము కూరల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళకి నేను ఆ పూట మూడోవాణ్ణో నాలుగోవాణ్ణో. ఇన్నేళ్ళు నేను దాచింది వాళ్ళకి రోజూ చూసే పని. కంతులేమీ లేవు, ముదిరిన మొలలే అన్నారు. ఆపరేషన్ చెయ్యాలి గానీ, ఇంత తక్కువ రక్తంతో, ఇలాంటి థైరాయిడ్‌తో మత్తు ఇవ్వడం మంచిది కాదని, మూడు నెలలు మాత్రలు వాడి రమ్మన్నారు సర్జను గారు.

మందుల షాపులో థైరాయిడ్ మాత్రలు అడిగితే, "మేడమ్‌కా సార్?" అన్నాడు షాపతను. అవునన్నాను. అంత జరిగాక కూడా అవునన్నాను. వాడుక రాసిన చీటీ ఇస్తూ ఏదో చెప్పబోయాడు గానీ, వెనక జనం ఉన్నారని జేబులో కుక్కుకుని వచ్చేశాను. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, థైరాయిడ్ మాత్ర, ఇనుము మాత్ర రెండూ కలిపి నోట్లో వేసుకుని వేడి టీతో మింగేసేవాణ్ణి. ఒక్క గుటకలో రోజు పని అయిపోయేది. ఇనుము మాత్రలకి దొడ్డి నల్లగా వస్తుందని నాకెవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు. మొదటిసారి చూసి లోపల ఇంకెక్కడో రక్తం పోతోందనుకున్నాను. వారం పాటు మాత్రలు మానేసి, భయమేసి మళ్ళీ మొదలుపెట్టాను.

మూడు నెలల తర్వాత రిపోర్టులో పెద్ద మార్పేమీ లేదు. వంద దాటిన నంబరు ఎనభై దగ్గర ఆగింది. రక్తం ఏడు కూడా దాటలేదు. మా ఆవిడ ఆ కాగితం చూసి, డాక్టరమ్మ గారికంటే ముందు తనే అడిగింది. "నిజంగా వేసుకున్నారా?"

"వేసుకున్నా."

"పిల్ల మీద ఒట్టెయ్యండి."

డాక్టరమ్మ గారి ముందే అడిగింది. నేను నిజమే చెబుతున్నా, ఆ నిజానికి విలువ లేకుండా పోయింది. డాక్టరమ్మ గారే అడ్డుపడ్డారు. "ఎలా వేసుకుంటున్నారు? పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పండి." చెప్పాను. టీ దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపారు.

"రెండూ ఒకేసారా? టీతోనా? కడుపులో ఇనుము థైరాయిడ్ మాత్రని పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టనివ్వదు. టీ ఏమో ఇనుముని పట్టనివ్వదు. మీరు వేసుకున్నదాంట్లో సగానికి సగం వృథా పోయింది. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో. గంట దాకా టీ వద్దు. ఇనుము మధ్యాహ్నం, కనీసం నాలుగు గంటలు తేడా ఉండాలి. దొడ్డి నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర రంగు." షాపులో రెండు నిమిషాలు నిలబడి అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. అడగడానికి సిగ్గుపడి మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆ మూడు నెలలూ రక్తం పోతూనే ఉంది.

మధ్యాహ్నం మాత్ర అంటే యార్డులో అందరి ముందూ వేసుకోవాలి. అప్పుడే టీ వస్తుంది, వద్దనాలి. మొదటి రోజే షావుకారు గారు అడిగారు. "ఏంటయ్యా, టీ కూడా మానేశావు? మందు మానేస్తానని మొక్కుకున్నావా?"

నేను లేచి నిలబడ్డాను. "నేనెప్పుడూ తాగలేదండీ. నాకు థైరాయిడ్. మొలలు కూడా ఉన్నాయి. రక్తం పోయి ఆ రోజు గోతం మీద అలా వాలిపోయాను." అందరూ విన్నారు. షావుకారు గారు నోట్లో వక్కపలుకు అలాగే పెట్టుకుని ఉండిపోయారు. "ఓరి నీ దుంపతెగ, ఆ రోజే చెప్పొచ్చుగా. ఆ రైతు నా కొట్టుకి మళ్ళీ రాలేదు" అన్నారు. సాయంత్రానికల్లా నేను కూర్చునే బల్ల మీద ఎవడో గోనెసంచి మడిచి దిండులా పెట్టాడు. అందరూ నేనేం చేస్తానా అని చూస్తున్నారు. కూర్చున్నాను. చెవులు కాలిపోయాయి గానీ, సంచి మెత్తగానే ఉంది.

మా ఊళ్ళో చెప్పడం అంతకంటే కష్టమైంది. పక్కింటి పిన్ని గారికి నువ్వే చెప్పరాదా అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "నేను చెబితే మొగుణ్ణి వెనకేసుకొచ్చిందంటారు. మీరే చెప్పండి" అంది. పిన్ని గారిది మా అమ్మ వయసు. ఆవిడ ముందు నిలబడి ఆ మాట పలకడం ఎలాగో పలికాను. పిన్ని గారు అంతా విని, నా గడ్డం పట్టుకుని, "పోన్లే అబ్బాయ్, ఏదైతేనేం, మానేశావు. నా పొడి ఊరికే పోదు" అంది. గోడ అవతల నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. ఆ ఏడాదిలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

వీధిలో కొందరు ఇప్పటికీ నన్ను తాగుడు మానేసి బాగుపడ్డవాడిగానే చూస్తారు. నా ముందే తమ కొడుకులకి నన్ను చూపించి చెబుతారు. మొదట్లో సరిదిద్దబోయేవాణ్ణి. ఇప్పుడు మానేశాను.

సంక్రాంతి వెళ్ళాక రక్తం పది దాటింది, థైరాయిడ్ నంబరు చెప్పిన చోటికి దిగింది. ఆపరేషన్ అయింది. నొప్పి బాగానే ఉండింది గానీ, నేను భయపడినంత లేదు. గొంతు మళ్ళీ నాదయింది. ఆ వేసవిలో మిరపకాయల గోతంలో చెయ్యి పెట్టగానే తుమ్ములు వచ్చాయి.

ఒక్కటి మాత్రం మునుపటిలా కాలేదు. తలనొప్పిగా ఉందంటే మా ఆవిడ నుదుటి మీద చెయ్యేసి చూస్తుంది. బాగానే ఉన్నానంటే కనురెప్ప లాగి చూస్తుంది. ఆవిడ ఏడో తరగతి చదివింది. ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటే, ల్యాబు వాళ్ళిచ్చిన కవరు నా చేతికి రానివ్వదు. వేలు పెట్టి వరసలు కిందకి దించుకుంటూ, ఏది ఎంత ఉండాలో ఎంత ఉందో చూసుకుని, ఆ తర్వాతే నాకిస్తుంది. "నేను చదవగలను కదా" అన్నాను ఒకసారి.

"చదవగలరు" అంది. "చెప్పరు."